ర్యాంపును టిప్పర్లకెత్తిన రోజు

చదివేవాళ్లు ముందు ఎక్కడైనా కూర్చోండి. నిలబడి చదివి, మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే నన్ననవద్దు. ఇది అలాంటిలాంటి ఘోరం కాదు. ఒక మనిషి పట్టపగలు, మందు చుక్క ముట్టకుండా, రెండు కళ్లూ తెరుచుకుని, తాను దిగిరావలసిన దారిని తానే తవ్వి, బండ్లకెత్తి, చెయ్యూపి మరీ సాగనంపాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇన్నేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే తింటున్న ముద్ద గొంతులోనే ఆగిపోతుంది.

నా పేరు నర్సింలు. శంషాబాద్ చుట్టుపక్కల నేను పొక్లెయిన్ తోలని నేల తక్కువ. విమానాశ్రయం రాకముందు ఇక్కడ ద్రాక్ష తోటలుండేవి. వచ్చాక ప్లాట్ల వెంచర్లు మొలిచాయి. రెంటికీ నేల చదును చేసిన చేతులివి. పొక్లెయిన్ మీరు చూసే ఉంటారు. పసుపుపచ్చ బండి, ఇనుప చైన్ల మీద నడుస్తుంది, పొడవాటి చెయ్యి, చేతి చివర పళ్లున్న బకెట్. నడుము దగ్గర గిర్రున చుట్టూ తిరుగుతుంది. ఆ నడుమే నా కొంప ముంచింది.

నేను బడికి పోలేదు. తెలుగు గోడల మీది ప్రకటనల్లో, ఉర్దూ హోటల్ బోర్డుల్లో, ఇంగ్లీషు బండితోపాటు వచ్చిన పుస్తకంలో చదువుకున్నాను. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాడు మంచినీళ్లు తాగమన్నా సరే, ‘నాకు చెప్పడానికి వీడెవడు?’ అనిపిస్తుంది. ఆ జబ్బు నాకు నఖశిఖపర్యంతం ఉండేది. ఈ ఘోరం జరిగేనాటికి అరవై దగ్గర పడుతున్నాను. కుర్రతనం అనడానికి వీల్లేదంటారా? ఇప్పటి నాతో పోలిస్తే కుర్రవాణ్ణే. బుద్ధి లెక్కన చూస్తే ఉయ్యాలలో ఉన్నాను.

కొత్వాల్‌గూడ దాటి లోపలికి పోతే అప్పట్లో ఒక క్వారీ ఉండేది. రాయి తియ్యాలంటే ముందు దాని మీదున్న ఎర్రమొరం తొలగించాలి. పొక్లెయిన్ మొరం దిబ్బ ఎక్కి, పైనుంచి తవ్వి, కింద నిలిచిన టిప్పర్లలో పోస్తుంది. బండి ఎక్కడానికీ దిగడానికీ దిబ్బకు ఒక పక్క మొరం పోసి వాలుగా దారి వేస్తారు. అదే ర్యాంపు. దాన్ని వేసేది, చెదిరితే సరిచేసేది ముందున్న ఇనుప పలకతో మట్టి నెట్టే డోజర్ నడిపే మనిషి. పొక్లెయిన్‌వాడికి వీపున కళ్లుండవు గనక, ర్యాంపు దగ్గర ఈల పట్టుకుని ఇంకో మనిషి నిలబడతాడు. ఈల మోగితే బండి ఆగి తీరాలి. ఆపడం చిన్నతనం అనుకునేవాడు క్వారీలో పని చెయ్యకూడదు. నేను చేశాను.

మా డోజర్ మనిషి ఖాజా భాయ్. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఆ రోజు మధ్యాహ్నం అతని తల్లి మక్కాకు ఉమ్రా యాత్ర ముగించుకుని జెడ్డా విమానంలో దిగుతోంది. మోకాళ్ల నొప్పుల మనిషి, తొలిసారి విమానమెక్కింది. వెళ్లేముందు కొడుకుతో ఒక్కటే చెప్పిందట: “తిరిగొచ్చినంక గేటు కాడ నా కండ్లకు మొదలు నువ్వే కనపడాలె. ఎవల్నో పంపితే మళ్ల విమానమెక్కి పోత.” ఈ మాట ఖాజా భాయ్ క్వారీలో ఉన్న ప్రతి మనిషికీ చెప్పాడు. వినేవాళ్లు అయిపోతే డోజర్‌కు కూడా చెప్పి ఉంటాడు.

పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు.

“నర్సింలన్నా, నేను పన్నెండింటికి పోత. ర్యాంపు మంచిగ చేసిన. నువ్వు ముందటి దిక్కే తవ్వు, ఎనక ముట్టకు. సైదులును ఈల ఇచ్చి నిలబెట్టిన. నీకు ఎనకకు కనపడదు గద, జర చూసుకొమ్మన్న.”

“ఏంది? నాకు కనపడదా?”

“గట్ల కాదన్నా. ఎవ్వలికీ కనపడది. నీ జాగల నేను కూసున్నా నాకు గూడ కనపడది.”

“నీకు కనపడకపోతే అద్దాలు పెట్టుకో. గుట్ట అవుతల మేక మేస్తుంటే దాని గడ్డం కనపడ్తది నాకు!”

“అచ్ఛా. అయితె మేకతోని పాటు జర ర్యాంపును గూడ చూస్కో,” అని నవ్వి వెళ్లిపోయాడు.

నవ్వాడు! నా ముందు! పుస్తకం ముందేసుకుని ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ బండి నేర్చుకున్న నా ముందు! కోపంతో నా చెవుల్లోంచి పొగ వచ్చింది. సైలెన్సర్ పొగ అని తర్వాత సైదులు అన్నాడు. నమ్మకండి.

సైదులు నా వయసువాడే. మీసాలు మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోయేవి. నేను పని మొదలుపెట్టి బండి నడుము కాస్త అటు తిప్పానో లేదో, ఈల ఊదాడు. తల బయటపెట్టాను.

“ఏంది సైదులూ, పాము కనపడ్డదా?”

“లేదన్నా. బకెట్ ర్యాంపు దిక్కు తిరిగింది. గందుకే ఊదిన.”

“తిరిగేటందుకే దాన్ని చేసిన్రు. తిరగకపోతే అది బకెట్ ఎందుకైతది, చెమ్చా అయితది.”

మళ్లీ తిప్పాను. మళ్లీ ఊదాడు.

“నువ్వు రైలు గార్డువా? పో, పోయి చాయ్ తాగు.”

“ఖాజా భాయ్ నిలబడుమన్నడన్నా.”

“ఖాజా భాయ్ నీకు జీతమిస్తున్నడా? నడువ్!”

సైదులు సూపర్‌వైజర్ యాదగిరి వైపు చూశాడు. యాదగిరి ఫోన్‌లో ఎవరితోనో మొరం అని అరుస్తున్నాడు. సైదులు ఈల జేబులో పెట్టుకుని, మీసం సర్దుకుని, క్వారీ గేటు బయట ఉన్న చాయ్ బండి వైపు నడిచాడు. అలా నా వీపుకున్న కళ్లను నేనే చాయ్‌కి పంపించాను.

పన్నెండు అయింది. ఖాజా భాయ్ డోజర్ ఆపి, కింద నుంచే చెయ్యూపి వెళ్లాడు. నేను చూడనట్టు నటించాను.

ఇక అసలు ఘోరం. ముందువైపు మొరం రాయిలా ఉంది. బకెట్ పళ్లు కిర్రుమంటున్నాయి. కింద టిప్పర్లు వరస కట్టాయి. వాటిలో ఒకదాని డ్రైవరు మల్లేశు అరిచాడు.

“అన్నా, ఈడ జాగ లేదు. అటు దిక్కు పెట్టనా?”

“పెట్టు! ఎటు పెడితే అటు నింపుతా!”

నడుము గిర్రున తిప్పాను. బకెట్ దించాను. అయ్యా, వెన్న! ముద్దపప్పులో గరిటె దిగినట్టు దిగింది. ఇంత మెత్తటి మొరాన్ని దేవుడు ఇన్నాళ్లూ నా కంట పడకుండా ఎక్కడ దాచాడా అనుకున్నాను. దాచింది దేవుడు కాదు, పోసి నెట్టింది ఖాజా భాయ్. అది ర్యాంపు.

‘ఎలా తెలియలేదు?’ అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఎప్పుడూ ముందే ఉంటుంది, వెనక ఉండదు. నడుము తిరిగితే వెనకున్నది కూడా ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి బండి పుస్తకంలో రాయలేదు. రాయనివాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

మల్లేశు మాత్రం అప్పుడే అడిగాడు పాపం.

“అన్నా, గిది ర్యాంపు కాదా?”

“ర్యాంపు ఎనక ఉంటది. ఇది నా ముందట ఉన్నది. బండి నడుపుడు నువ్వు నాకు నేర్పుతవా?”

“అట్లంటె సరే,” అని నింపుకుని పోయాడు. వాడి వెనక ఇంకో టిప్పరు, దాని వెనక మరోటి. ఆ కాసేపు నేను తవ్విన వేగం చూస్తే మీరు చప్పట్లు కొట్టేవారు. ‘ఖాజా లేడు, ఈల లేదు, పని ఎలా ఉరుకుతోందో చూడు’ అని నాకు నేనే చెప్పుకుంటూ, ఆ దిబ్బను నలువైపులా అంచులు కోసి కేకులాగా నిలబెట్టాను. పైన నేను.

ఆకలైంది. తిండి డబ్బా కింద యాదగిరి గది దగ్గరుంది. దిగుదామని బండి చైన్లు కదిలించాను. చైను మూరెడు జరిగిందో లేదో, కింద టిప్పర్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. గేటు దగ్గర్నుంచి సైదులు చాయ్ గ్లాసు పారేసి, ఈల ఊదుతూ, పెళ్లిమేళం తప్పిపోయిన సన్నాయివాడిలా పరుగెత్తుకొస్తున్నాడు. బండి ఆపాను. తలుపు తీశాను. దిగుదామని కాలు కింద పెట్టబోయాను.

కింద లేదు.

కింద ఉంది, కానీ ఎక్కడో ఉంది. రెండు నిలువుల లోతున, యాదగిరి బట్టతల పచ్చిమిరపగింజంత కనిపించింది. చుట్టూ తిరిగి చూశాను. నాలుగు దిక్కులా గాలే. నోరు తెరిస్తే మాట రాలేదు. నా జీవితంలో నేను నోరు తెరిచి మాట్లాడనిది అదొక్కసారే అని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

యాదగిరి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

“నర్సింలన్నా! గాడికి ఎట్ల పోయినవ్?”

“పొద్దుగాల ర్యాంపు ఎక్కి వచ్చిన.”

“మరి ర్యాంపేది?”

మల్లేశు బళ్లో పిల్లవాడిలా చెయ్యెత్తాడు. “కొంచెం నేను తీస్కపోయిన.” పక్క టిప్పరువాడు కూడా చెయ్యెత్తాడు. “నేను గూడ. అన్ననే నింపిండు.”

“అన్నా, బండిని ఇడిచిపెట్టి నువ్వన్న దిగు. తాడేస్తం,” అన్నాడు యాదగిరి.

“బండిని ఇడిచి నేను దిగ! నా పానం లెక్క చూసుకున్న దీన్ని!” అన్నాను గంభీరంగా. మీకు మాత్రం నిజం చెబుతాను. తాడు పట్టుకుని దిగడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు.

సొంతంగా దారి చేసుకుందామని అంచు మీద బకెట్ ఆనించాను. ఆనించానంతే. ఆ మూల మొరం జలజలా జారిపోయింది. బండి ఒక పక్కకు ఒరిగింది. గుండె జారి చెప్పుల్లో పడింది.

“కదలకు!” యాదగిరి గొంతు చీలిపోయింది. “ఊపిరి గూడ మెల్లగ తీస్కో!”

ర్యాంపు మళ్లీ కట్టాలి. కట్టాలంటే డోజర్ కావాలి. డోజర్ తోలగలిగే మనిషి ఖాజా భాయ్ ఒక్కడే. ఆ మనిషి తల్లి కోసం వెళ్లిపోయాడు.

“నేను ఫోన్ చెయ్య,” అన్నాడు యాదగిరి. “పో అని చుట్టీ ఇచ్చినోన్నే నేను. ఏ మొకం పెట్టుకొని రమ్మనాలె? నువ్వే చెయ్.”

చేశాను. ఏం చేస్తాను!

“ఖాజా భాయ్, యాడున్నవ్?”

“శంషాబాద్ల, పూల దుకాణం కాడ. దండ కడుతున్నరు. ఏందన్నా?”

“ఏం లేదు. జర చిన్న పనుండె. ర్యాంపు గురించి.”

“ర్యాంపుకేమైంది?”

“లేదు.”

“లేదంటె?”

“అంటె... ఉన్నదుండె. ఇప్పుడు లేదు.”

“ర్యాంపు యాడికి పోతది అన్నా?”

“టిప్పర్లల్ల.”

అటువైపు పూలవాడి బేరం మాత్రం వినిపించింది. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ నాలుగు అనేవాణ్ణి, మనసుకు కాస్త నిమ్మళంగా ఉండేది.

“మరి నువ్వు యాడున్నవ్?” అన్నాడు.

“మీదనే.”

“కదలకు. వస్తున్న.”

ఆటో దిగినప్పుడు చూశాను. మల్లెపువ్వులాంటి కుర్తా పైజామా, నెత్తిన కొత్త టోపీ. అంత ఎత్తుకూ అత్తరు వాసన వచ్చింది. చేతిలో గులాబీల దండ. తలెత్తి నన్ను చూశాడు.

“సలాం, నర్సింలన్నా.”

“సలాం.”

“మేక కనపడ్తున్నదా?”

దండను యాదగిరి చేతిలో పెట్టి, కుర్తా చేతులు మడిచి, డోజర్ ఎక్కాడు. కింద యాదగిరి దండ పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ దండ నాకే తెచ్చారేమోనని ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత నేను చూసింది చెబుతాను, వినండి. పొద్దుట్నుంచి టిప్పర్లు మొరం పోసిన కుప్ప దగ్గర ఒక జేసీబీ దాన్ని తిరిగి నింపుతోంది. మల్లేశు టిప్పరు వెనక్కి వస్తుంది, సైదులు ఈల ఊదితే ఆగుతుంది, మొరం పోస్తుంది. అది తొలిగేసరికి డోజర్ అక్కడ ఉంటుంది. నెట్టి, తొక్కి, వెనక్కి తగ్గేసరికి ఇంకో టిప్పరు ఉంటుంది. ఒకరినొకరు పిలిచింది లేదు, తిట్టుకున్నది లేదు. నలుగురు ఆడవాళ్లు ఎండలో అప్పడాలు చేస్తుంటే ఒకరు ఉండ చెయ్యడం, ఒకరు ఒత్తడం, ఒకరు ఆరబెట్టడం చూశారా? అలా. ఇన్నేళ్లూ క్యాబిన్‌లో కూర్చుని ఈ క్వారీ అంతా నా బకెట్ చుట్టూ తిరుగుతోందనుకున్నాను. నా బకెట్ కదలకుండా పడి ఉన్న రోజునే పని అంత అందంగా జరగడం చూశాను. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు, చూస్తే అక్కడ తిట్టదగ్గవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను.

సగం ర్యాంపు లేచేసరికి ఆకాశం ఉరిమింది. విమానం. చక్రాలు దించుకుని, మా నెత్తి మీదుగా, కిటికీలు కనిపించేంత తక్కువలో. అందరూ తలలెత్తారు. ఖాజా భాయ్ డోజర్ ఆపి, అది గుట్ట దాటేదాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“అన్నా, అమ్మీ జెడ్డా నుంచి వచ్చి దిగుతున్నది. నువ్వు ఈ దిబ్బ మీదికెల్లి దిగుతలేవు.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నువ్వు పో ఖాజా భాయ్,” అన్నాను. “నేను ఈడనే ఉంట. రేపు దింపుదురు.”

“ఆ మూల సాయంత్రం దాంక ఆగది. మాట్లాడకు. సామాన్లొచ్చేదాంక టైముంటది. మల్లేశూ, కానియ్!”

ర్యాంపు నా చైన్ల దాకా వచ్చింది. ఖాజా భాయ్ డోజర్‌ను ర్యాంపు మొదట్లో అడ్డంగా పెట్టి, నేను జారినా తన బండికే తగిలేలా నిలబెట్టాడు. సైదులు పక్కన నిలబడ్డాడు.

“అన్నా, నేల దిక్కు చూడకు. నన్నే చూడు. నేను ఊదితే ఆగు.”

“ఊదు సైదులూ. ఎంతన్న ఊదు.”

వాడి మీసాలనే చూస్తూ దిగాను. ఊదితే ఆగాను, చెయ్యి ఊపితే కదిలాను. పెళ్లిపీటల మీద కూడా నేనంత బుద్ధిగా లేను. చైన్లు నేలను తాకేసరికి చొక్కా పిండితే బిందె నిండేది.

ఖాజా భాయ్ డోజర్ మీంచి దూకాడు. తెల్ల కుర్తా ఇటుకరంగుకు తిరిగింది. యాదగిరి కారు తీశాడు.

“నువ్వు గూడ ఎక్కన్నా,” అన్నాడు ఖాజా భాయ్. “ఎందుకు గిట్లొచ్చినవని అమ్మీ అడిగితే సాక్షి కావాలె.”

విమానాశ్రయంలో కారు ఆగకముందే అతను దిగి పరుగెత్తాడు. వెనక నేను. బయటికొచ్చే గేటు దగ్గర దండలతో జనం. ఉమ్రా యాత్రికులు ఒక్కొక్కరే వస్తున్నారు. ఒక ముసలమ్మ వచ్చింది, ఈమె కాదు. ఇంకొకామె, ఈమె కాదు. ‘వచ్చి, కొడుకు కనపడక వెళ్లిపోయిందా?’ అని జనంలోకి మెడ చాచాను. అంతలో చక్రాల కుర్చీలో, ఒళ్లో మక్కా జంజం నీళ్ల డబ్బా పెట్టుకుని, ఆమె. ఖాజా భాయ్ జనాన్ని తోసుకుని ముందుకురికాడు. ఆమె తలెత్తింది. మొదట కనిపించింది అతనే.

నేను ఒక స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

“క్యా రే ఖాజా,” అన్నది ఆమె, దండ వేయించుకుంటూ. “దుల్హా లెక్క వస్తవనుకుంటె ఇటుక బట్టీలకెల్లి లేచొచ్చినట్టున్నవ్?”

“పని పడ్డదమ్మీ. ఈయన నర్సింలన్న, మా క్వారీల బండి నడుపుతడు.”

“జీతే రహో బేటా, నూరేండ్లు బతుకు,” అని నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టింది. నోట్లో వేసుకున్నాను. ఆమె కొడుకు వైపు తిరిగింది.

“అరె, విమానం కిటికీలకెల్లి చూసిన. మన కొత్వాల్‌గూడ దిక్కు ఎవలో పచ్చబండిని పెద్ద గద్దె కట్టి మీద నిలబెట్టిన్రు. చౌరస్తాల విగ్రహాలు పెడ్తరు సూడు, గట్ల. సుట్టు మంది పని ఆపుకొని నిలబడ్డరు. బండి నడిపేటాయన ఎవరో మంచోడు పోయినట్టున్నడు, యాదికి కట్టిన్రు అనుకున్న. పాపమనిపించి, ఆడనే కూసొని ఫాతిహా చదివిన. పోయినోళ్లకు చదివేటిది.”

ఖర్జూరం నా గొంతులో అడ్డం పడింది. ఖాజా భాయ్ నా వీపు మీద చరిచాడు, కాస్త గట్టిగానే.

“అమ్మీ, ఆ పోయినాయన ఈయననే.”

ఆమె నన్ను కింది నుంచి మీదికి, మీది నుంచి కిందికి చూసింది.

“మక్కా పోయొచ్చిన నోరు గద,” అన్నది తృప్తిగా. “జల్దీ పనిజేసింది. లేచొచ్చిండు!”

ఆ గేటు దగ్గరే, యాత్రికుల సాక్షిగా, గింజ మింగేసిన గొంతుతో నేను ప్రమాణం చేశాను, బండి తోలడం మానేదాకా నిలబెట్టుకున్నాను: బకెట్ ఏ దిక్కుకు తిప్పాలన్నా ఈల కోసం ఆగుతాను. ఈల మనిషి నిద్రపోతే లేపుతాను. లేవకపోతే వాడి పక్కనే నేనూ పడుకుంటాను. అంతేగాని, ఒంట్లో ప్రాణముండగా మరొక్కసారి విగ్రహాన్ని కాను, కాను, కానేకాను.